పుట్టకొక్కుల కూర

విజయభాస్కర్‌కి బూజంటే ఇరవై రెండేళ్ల పగ. నాచారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం, అందులోని మైక్రోబయాలజీ ల్యాబు అతని చేతి కింద ఉన్నాయి. గుండ్రటి గాజు పళ్ళేల్లో జిగురు పోసి, వాటిని వెచ్చటి పెట్టెలో దాచి, కొన్నాళ్లకు మూత తీసి ఎక్కడ ఏ మచ్చ లేచిందో చూసి లెక్క రాయడం అతని పని. నల్ల మచ్చ, పచ్చ మచ్చ, దూదిపింజ లాంటి తెల్ల మచ్చ. మచ్చ లేచిందంటే ఎవరో చేతులు కడుక్కోకుండా లోపలికి వచ్చారని అర్థం. మనుషుల గురించి అతనికి ఇన్నేళ్లలో ఏర్పడిన అభిప్రాయం కూడా ఇంచుమించు అంతే. ఎవరూ సరిగా చేతులు కడుక్కోరు.

అందుకే మంగళవారం మధ్యాహ్నం డ్రమ్ములు కడిగే షెడ్డులో ఆరుగురు ఆడవాళ్ళు వాంతులు చేసుకుని కూలబడ్డారని విన్నప్పుడు అతను పెద్దగా ఆశ్చర్యపోలేదు. రెండో అంతస్తు కిటికీలోంచి కిందికి చూశాడు. సూపర్‌వైజర్లు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగెత్తుతున్నారు. ఒకడి చేతిలో మంచినీళ్ల సీసా, ఇంకొకడి చేతిలో ఎందుకో రిజిస్టరు. అంబులెన్సు లోపలికి రావలసిన చోట ప్లాంట్ హెడ్ చిదంబరం గారి కారు అడ్డంగా ఆగి ఉంది. దాని తాళం ఎవరి దగ్గరుందో తెలియక పది నిమిషాలు పోయాయి. ఏదో పాచిపోయింది తిని ఉంటారు అనుకుని విజయభాస్కర్ కిటికీ మూసేసి మళ్ళీ తన మచ్చల దగ్గరికి వెళ్లాడు.

సాయంత్రం కాకముందే కారణం దొరికిందని పద్మశ్రీ వచ్చి చెప్పింది. ఆమె హెచ్ఆర్‌లో పనిచేస్తుంది. ఏ మాటన్నా అప్పటికే పైవాళ్లు ఆమోదించినట్టే అంటుంది. తోట పని చేసే హన్మయ్య ఆ రోజు పుట్టగొడుగుల కూర వండుకొచ్చాడట. షెడ్డు ఆడవాళ్ళకి పంచిపెట్టాడట. అవి విషపువట.

"శుక్రవారం ఎంక్వైరీ కమిటీ ఉంది సార్. శాంపిల్ రేపు పంపిస్తం. విషపువే అని మీరు ఒక రిపోర్టు ఇస్తే అయిపోతది."

"విషపువని మీకెలా తెలుసు?"

"ప్లాంట్ హెడ్ సార్ అన్నరు."

చిదంబరం గారి గురించి విజయభాస్కర్‌కి ఉన్న అభిప్రాయం ఫ్యాక్టరీలో ఎవరితోనూ చెప్పుకోదగ్గది కాదు. ఆయన జేబులో నాలుగు పెన్నులుంటాయి. చదవకుండా పెట్టే సంతకానికి నాలుగు పెన్నులెందుకో ఎవరికీ తెలియదు. వచ్చిన కొత్తలో ఆఫీసు ముందు రెండు వేప చెట్లు కొట్టించి అక్కడ గడ్డి పరిపించాడు. రోజూ పొద్దున ఆ గడ్డి మీద నిలబడి ఫోనులో మాట్లాడతాడు. సోమవారం విదేశీ కొనుగోలుదారుల మనుషులు ఫ్యాక్టరీ తనిఖీకి వస్తున్నారు. వాళ్ళకి అప్పగించడానికి ఆయనకి ఒక దోషి కావాలి. ఆ దోషి కంపెనీ మనిషి కాకపోతే మరీ మంచిది. హన్మయ్య కాంట్రాక్టరు మనిషి.

అతని పేరు హన్మయ్య అని విజయభాస్కర్‌కి ఆ రోజే తెలిసింది. పదకొండేళ్లుగా ఆ మనిషిని చూస్తున్నాడు. ఖాకీ చొక్కా, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, చేతిలో పొరకో గడ్డపారో. మొక్కలకు నీళ్లు పోస్తూ పక్కకి తప్పుకునేవాడు. తప్పుకునే మనిషికి పేరుంటుందని ఎవరూ అనుకోరు.

బుధవారం పొద్దున శాంపిల్ వచ్చింది. సెక్యూరిటీ మనిషి ఒక పాలిథిన్ సంచీ తెచ్చి బల్ల మీద పెట్టి సెల్యూట్ కొట్టి పోయాడు. లోపల మూడు పెద్ద తెల్లటి పుట్టగొడుగులు. సంచీ మీద చీటీ లేదు. తేదీ లేదు, ఎక్కడ కోశారో లేదు, ఎవరు కోశారో లేదు. తన ల్యాబులో చీటీ లేని నమూనా తిన్నగా చెత్తబుట్టలోకి పోతుంది. ఇది మాత్రం ఒక మనిషి కూడు తీసెయ్యడానికి వచ్చింది.

చేతి తొడుగులు వేసుకుని ఒకటి బయటికి తీశాడు. అరచేతి కంటే వెడల్పైన గొడుగు, పైన గోధుమరంగు పెచ్చులు. కాడకి ఉంగరం తొడిగినట్టు ఒక పొర. కాడ అడుగున కొంచెం లావై అక్కడితో ఆగిపోయింది. దానికి మట్టి కూడా పెద్దగా అంటుకోలేదు, కత్తిరించిన గడ్డి పరకలు అంటుకున్నాయి. చదువుకునే రోజుల్లో నేర్చుకున్న పద్ధతి గుర్తొచ్చింది. కాడ కోసేసి, గొడుగుని సగం నల్లగా సగం తెల్లగా ఉన్న కాగితం మీద బోర్లించి, పైన గాజు గిన్నె మూత పెట్టాడు. గొడుగు అడుగునున్న రెక్కల్లోంచి విత్తులాంటి పొడి రాలుతుంది. దాని రంగు చూస్తే జాతి తెలుస్తుంది.

సాయంత్రం మూత తీశాడు. కాగితం మీద ఆకుపచ్చ చక్రం పడింది. వాడిపోయిన గోరింటాకు రంగు. ఇది తింటే మనిషి చావడు గానీ ఒక పూటంతా పేగులు బయటికొచ్చేలా కక్కుకుంటాడు. చిదంబరం గారికి కావలసిన విషం ఇదిగో, కాగితం మీద అచ్చు పడి ఉంది. నాలుగు వాక్యాలు రాసి కింద సంతకం పెడితే విజయభాస్కర్ బాధ్యత తీరిపోతుంది.

కానీ ఆ గడ్డి పరకలు అతనికి మింగుడు పడలేదు. సెక్యూరిటీ మనిషిని పిలిపించాడు. ఎక్కడ కోశావని అడిగాడు.

"ముంగట లాన్‌ల సార్" అన్నాడు వాడు. "వెనక చెట్లల్లకు పోవాలంటే మొత్తం బురద. ఏవైతేంది, గవే గద అనుకున్న."

విజయభాస్కర్‌కి నవ్వొచ్చింది. చిదంబరం గారు రోజూ నిలబడే గడ్డిలోంచే కోసుకొచ్చి హన్మయ్య నెత్తిన పెట్టారు. అబద్ధమైనా శ్రద్ధగా ఆడలేరు వీళ్లు. ఆ హన్మయ్య అనేవాడికి అన్యాయం జరుగుతోందన్న ఆలోచన ఆ క్షణాన అతనికి రాలేదు. నిజానికి ఆ రాత్రి చిల్కానగర్‌లో ఇంటికెళ్లి భార్య ఛాయాదేవితో చెప్పినప్పుడు కూడా హన్మయ్య గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నమూనా తీయడం రాని వెధవల మధ్య ఇరవై రెండేళ్లు గడిపానని చెప్పాడు. ఆమె అన్నం వడ్డిస్తూ, మరి ఆ ఆరుగురు ఎలా ఉన్నారని అడిగింది. అతనికి తెలియదు.

గురువారం పొద్దున రబ్బరు బూట్లు వేసుకుని ఫ్యాక్టరీ వెనక్కి వెళ్లాడు. కాలుష్యం నిబంధనల కోసం ఎప్పుడో వదిలేసిన రెండెకరాల స్థలం అది. కాగితాల్లో దాని పేరు గ్రీన్ బెల్టు. కానుగ, సుబాబుల్, తుమ్మ, వాటంతటవే మొలిచిన వేపలు. నేల మీద ఆకు మందంగా పడి వానకి నాని మెత్తగా కుళ్ళుతోంది. గోడ అవతల లారీలు హారన్లు కొడుతున్నా ఇక్కడ గాలి వేరుగా ఉంది. చల్లగా, మట్టి వాసనతో, కొంచెం పుల్లగా. ముక్కు మూసుకుందామనుకున్నాడు, కానీ అంత చెడ్డ వాసనేం కాదు.

విచారణ అయ్యేదాకా షెడ్డు వైపు, ఆఫీసు వైపు రావద్దని హన్మయ్యతో చెప్పారు. అతను పడిపోయిన సుబాబుల్ కొమ్మని గొడ్డలితో ముక్కలు చేస్తున్నాడు. విజయభాస్కర్‌ని చూసి గొడ్డలి కింద పెట్టి, అలవాటుగా పక్కకి తప్పుకున్నాడు.

"ఏమయ్యా, ఆ పుట్టగొడుగులు ఎక్కడ కోశావో చూపించు."

హన్మయ్య ఏమీ అడగకుండా ముందు నడిచాడు. రెండు కానుగ చెట్ల మధ్య మోకాలెత్తు ఎర్రమట్టి పుట్ట ఉంది. దాని చుట్టూ ఆకులు తొలగించినట్టు లేదు. హన్మయ్య పుట్టకి జానెడు దూరంలో గొంతుక్కూర్చుని రెండు వేళ్లతో ఆకు పక్కకి నెట్టాడు. మూడు బూడిదరంగు గొడుగులు ఇంకా పూర్తిగా విచ్చుకోకుండా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదాని నడినెత్తిన మొనదేలిన బొడిపె.

"మొన్న గంపెడు లేచినయి సార్. ఇవి పోరగాళ్ళు, ఇడిసిపెట్టిన. మిరుగం కార్తె పోయి ఆరుద్ర వడ్డంక నాలుగు దినాలు ముసురువట్టి ఉరుమాలె. గప్పుడు లేస్తయి. మేం పుట్టకొక్కులంటం."

"పీకు ఒకటి."

గడ్డపార తెచ్చి తవ్వమన్నాడు విజయభాస్కర్. హన్మయ్య తల అడ్డంగా ఊపాడు. ఇనుము పెడితే లోపల గూడు చెదురుతుందట, వచ్చే ఏడు ఆ పుట్ట మీద ఒక్కటి కూడా రాదట. కాడ మొదట్లో మూడు వేళ్లు పెట్టి, మట్టిని కొంచెం కొంచెంగా గోళ్లతో కదుపుతూ, కాడని ఇటు సగం అటు సగం తిప్పుతూ లాగసాగాడు. ఎంతసేపటికీ అది తెగడం లేదు, ఇంకా వస్తూనే ఉంది. తెల్లటి కాడ కిందికి పోయేకొద్దీ సన్నబడి, నల్లబడి, వేరులా మారింది. చివరికి చిన్న చప్పుడుతో ఊడివచ్చింది. విజయభాస్కర్ జేబులోంచి స్కేలు తీసి కొలిచాడు. నేల కిందే ఇరవై ఏడు సెంటీమీటర్లు. ఉంగరం లేదు, పెచ్చులు లేవు.

లోపల చెదలు ఉంటాయని హన్మయ్య చెప్పాడు. అవి ఎండు పుల్లలు, ఆకులు నమిలి లోపల దిబ్బలా పెడతాయి. ఆ దిబ్బ మీద ఇది పుడుతుంది. చెదలు దీన్ని తింటాయి, ఇది చెదలు తెచ్చిన ఆకుని తింటుంది. అందుకే తను ఇక్కడ ఆకు ఊడవడట. ఊడవలేదని రెండుసార్లు కాంట్రాక్టరు జీతం కోశాడట. ఇదంతా విజయభాస్కర్ ఎం.ఎస్సీ.లో చదివాడు. అర పేజీ ఉండేది, పరీక్షలో రాలేదు. చెదల పుట్టతో ముడిపడ్డ జాతి, ఎవరూ తోటల్లో పెంచలేకపోయారు, అడవిలో దొరికితేనే దొరికినట్టు. అర పేజీలో అంతే ఉంది. లాగితే ఎంతసేపు వస్తుందో అందులో లేదు.

"ఆఫీసు ముందు గడ్డిలో వచ్చేవో?"

"గవి ముడ్తమా సార్. కింద రెక్కలు పచ్చగైతయి. పొద్దుగాల్నే పెద్దసారు రాకముందు కాలితోని తన్ని పడేస్త."

మంగళవారం ఎవరెవరు తిన్నారని అడిగాడు విజయభాస్కర్. హన్మయ్య లెక్క చెప్పాడు. తను తిన్నాడు, అందరికంటే ఎక్కువ. షెడ్డు ఆడవాళ్ళలో ఐదుగురు తిన్నారు. లక్ష్మీనర్సమ్మ ముట్టలేదు. ఆమెకు ఆ రోజు ఒక్కపొద్దు, పొద్దున్నుంచి చాయ్ తప్ప ఏమీ తీసుకోలేదు.

"మొదలు వాంతి జేసుకున్నది గామెనే సార్" అన్నాడు.

విజయభాస్కర్ అతని మొహంలోకి చూశాడు. "ఈ సంగతి కమిటీ వాళ్లకి చెప్పలేదా?"

"ఎవలన్న అడిగితె గద."

విజయభాస్కర్ అక్కడి నుంచి తిన్నగా, యంత్రాలు నడిపే యుటిలిటీ గదికి వెళ్లాడు. అడగాలన్న ఆలోచన వచ్చాక మిగతాదంతా చిన్నపిల్లల లెక్క. డ్రమ్ముల్లో అడుగంటిన ద్రావకం ఆవిరవుతుంది, పీలిస్తే తల తిరిగి వాంతులవుతాయి. ఆ ఆవిరిని బయటికి లాగే బ్లోయర్ షెడ్డు గోడకి ఉంది. దాని లాగ్‌బుక్కు మేకుకి వేలాడుతోంది. మంగళవారం పేజీ తిప్పాడు. పదీ నలభైకి బ్లోయర్ బెల్టు తెగింది, ఆగింది. మూడుంపావుకి కొత్త బెల్టు వేశారు, తిరిగింది. మధ్యలో నాలుగున్నర గంటలు గాలి ఆడలేదు, తలుపులు మూసి ఉన్న ఆ షెడ్డులో ఆరుగురు ఆడవాళ్ళు కూలబడేదాకా డ్రమ్ములు కడిగారు. ఎవరూ ఎప్పటికీ చదవరన్న ధైర్యంతో ఆపరేటరు నిజం రాసిపెట్టాడు. ఆ పేజీకి విజయభాస్కర్ తన ఫోనుతో ఫోటో తీసుకున్నాడు.

సాయంత్రం ల్యాబులో హన్మయ్య ఇచ్చిన పుట్టకొక్కుని కాగితం మీద బోర్లిస్తే లేత గులాబీ పొడి రాలింది. పచ్చదనం ఆనవాలు కూడా లేదు. ఇంటికి పోతూ సైకిలు స్టాండు దగ్గర హన్మయ్య కనిపిస్తే ఆగి, రేపు పదకొండింటికి కమిటీ గదికి రమ్మని, శుభ్రంగా రమ్మని చెప్పాడు.

"మిగిలినయి రెండున్నయి గద సార్. మా ఇంటికాడ కూడ మొన్నటివి ఎండవెట్టినయి ఉన్నయి. వండుకొని తెస్త. అందరి ముందల తింట."

"అక్కర్లేదు. నా రిపోర్టు ఉండగా నీ కూరతో పనేముంది?"

హన్మయ్య సరే సార్ అన్నాడు. కానీ ఆ మాటతో ఏకీభవించినట్టు కనపడలేదు.

కమిటీ అంటే ముగ్గురు. చిదంబరం గారు, పద్మశ్రీ, ఏమీ మాట్లాడకుండా బిస్కట్లు తినే అకౌంట్స్ పెద్దమనిషి ఒకాయన. అద్దాల బల్ల, ఏసీ చలి. విజయభాస్కర్ లేచి నిలబడి తన కాగితాలు వరసగా పరిచాడు. ఇలాంటి క్షణాల్లో అతనికి ప్రాణం లేచివస్తుంది. తెలివితక్కువవాళ్లకి మెల్లగా, విడమరిచి, వాళ్ల తెలివితక్కువతనం వాళ్లకే అర్థమయ్యేలా చెప్పడం అతనికి ఇష్టమైన పని. ఆకుపచ్చ అచ్చు ఇది, ఇది మన లాన్‌లోది అన్నాడు. సార్ రోజూ నిలబడే చోటుకి ఆరడుగుల దూరం అన్నాడు. గులాబీ అచ్చు ఇది, హన్మయ్య వండింది. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో చూపించాడు. ఏమీ తినకుండానే వాంతి చేసుకున్న లక్ష్మీనర్సమ్మ సంగతి చెప్పాడు. బ్లోయర్ పేజీని చివరికి ఉంచుకున్నాడు.

చిదంబరం గారు అంతా విన్నాడు. ఒక పెన్ను తీసి మూత పెట్టాడు, తీశాడు.

"బ్లోయర్ సంగతి వేరే చూద్దాం. అది ఇంజనీరింగు వాళ్ల విషయం. ముందు ఈ పుట్టగొడుగుల విషయం తేలనివ్వండి. ఇవి తినొచ్చంటారు మీరు?"

"నిక్షేపంగా తినొచ్చు సార్."

"అతన్ని పిలవండి."

హన్మయ్య లోపలికి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. బయట కుళాయి దగ్గర కడుక్కున్న చేతుల నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. వద్దన్నా తెచ్చాడు. స్టీలు డబ్బా బల్ల అంచున పెట్టి మూత తీశాడు. ఉల్లిగడ్డ, అల్లం, కారం కలిసిన వాసన ఏసీ గదంతా పాకింది. ముదురు గోధుమరంగు కూర, సన్నగా చీల్చిన ముక్కలు. కింది గిన్నెలో మడిచిన జొన్నరొట్టెలు. రొట్టె ముక్క తుంచి కూర అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నిలబడే, ఎవరి వైపూ చూడకుండా నమిలాడు. ఇంకో ముక్క తిన్నాడు.

"మంచిది" అన్నాడు చిదంబరం గారు. "అతను తినడంలో పెద్ద విషయం లేదు, మొన్న కూడా తిన్నాడు. విజయభాస్కర్ గారూ, మీరు ఒక ముక్క తినండి. క్వాలిటీ హెడ్ స్వయంగా తిన్నారని మినిట్స్‌లో రాసేద్దాం. నేనూ ఒప్పుకుంటాను."

పద్మశ్రీ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. హన్మయ్య చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన చెంచా తీశాడు. కాగితం విప్పి, చెంచాని డబ్బా పక్కన పెట్టాడు.

"కొత్తది సార్. నిన్ననే కొన్న" అన్నాడు మెల్లగా.

విజయభాస్కర్ చెంచా వైపు చూశాడు. కూర మంచిదని అతనికి తెలుసు. ఆ గదిలో అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు. గులాబీ అచ్చు తన ముందే ఉంది. అయినా చెయ్యి కాగితాల మీద నుంచి లేవలేదు. అతని కళ్ళు డబ్బా అంచుకి ఉన్న సొట్టని, హన్మయ్య గోళ్ళ చివర కడిగినా పోని ఎర్రమట్టిని చూస్తున్నాయి. ఏ ఇంట్లో వండారో, ఏ పొయ్యి మీదో, ఎవరి చేతులో. విషం గురించి అతనికి ఒక్క అనుమానం కూడా లేదు. ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క అని తనకు తను చెప్పుకున్నాడు. చెయ్యి అక్కడే ఉంది.

"నాకు మసాలా పడదండీ" అన్నాడు.

అకౌంట్స్ పెద్దమనిషి బిస్కట్టు నమలడం ఆపాడు. చిదంబరం గారు నవ్వాడు. ఆ నవ్వుని విజయభాస్కర్ గుర్తుపట్టాడు. ఇన్నేళ్లుగా అది తను ఇతరుల వైపు చూసి నవ్వే నవ్వే. హన్మయ్య చెంచాని మళ్ళీ అదే కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. డబ్బా మూత గట్టిగా నొక్కి, ముగ్గురికీ నమస్కారం పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

ఇరవై నిమిషాల తర్వాత పద్మశ్రీ మినిట్స్ సంతకానికి తెచ్చింది. విజయభాస్కర్ నిలబడే చదివాడు. కార్మికులు ఆవరణలో దొరికిన పుట్టగొడుగులు వండుకుని తిన్నారని, నమూనా పరీక్షలో విషపు జాతిగా తేలిందని, తోట సిబ్బందిని మార్చాలని, వెనక స్థలంలో చెదల మందు కొట్టించి ఆకు మొత్తం ఊడిపించాలని రాసి ఉంది. చివరి వాక్యం: 'సదరు పదార్థాన్ని రుచి చూడవలసిందిగా కోరగా క్వాలిటీ విభాగాధిపతి నిరాకరించారు.' మొత్తం కాగితంలో మెలిక లేని నిజం అదొక్కటే. దాన్ని కొట్టేయమని అనడానికి అతనికి నోరు రాలేదు.

కుర్చీలో కూర్చుని పెన్ను తీశాడు. కాగితం కింద మిగిలిన ఖాళీలో తన చేత్తో రాయడం మొదలుపెట్టాడు. విషపు నమూనా ఆఫీసు ముందు లాన్ నుంచి తెచ్చినది. వెనక స్థలంలోని పుట్టకొక్కులు తినదగినవి. బాధితురాలు లక్ష్మీనర్సమ్మ ఆ రోజు ఆహారమే తీసుకోలేదు. షెడ్డు బ్లోయర్ పదీ నలభై నుంచి మూడుంపావు దాకా పనిచేయలేదు, లాగ్‌బుక్కు పేజీ ఫోటో జతచేశాను. ఖాళీ చాలక వెనక వైపు కూడా రాశాడు. సంతకం పెట్టి, తేదీ వేసి, ఒక ప్రతి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పంపుతున్నానని చివర్న చేర్చాడు.

"సోమవారం ఆడిట్ ఉంది సార్" అంది పద్మశ్రీ, గొంతు తగ్గించి. "జర ఆలోచించుండ్రి. మీకే ఇబ్బంది అయితది."

"తెలుసు" అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత తన మీద తనకి కొంచెం గౌరవం కలిగింది. దాని జిరాక్సు ఒకటి తీయించి, మడిచి జేబులో పెట్టుకుని కిందికి దిగాడు. మెట్లు దిగుతున్నంతసేపూ హన్మయ్యతో ఏం చెప్పాలో, అతను ఏమంటాడో ఊహించుకుంటూనే ఉన్నాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ గది పక్కన సిమెంటు గట్టు ఉంది. విచారణకి పిలుస్తారని పొద్దున్నే వచ్చి కూర్చున్న షెడ్డు ఆడవాళ్ళు నలుగురు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లని ఎవరూ పిలవలేదు. వాళ్ల మధ్యలో స్టీలు డబ్బా తెరిచి ఉంది. జొన్నరొట్టె తుంచుకుంటూ, కూర అద్దుకుంటూ తింటున్నారు. మూడు రోజుల కింద దవాఖానా మంచాల మీద పడున్న మనుషులు. లక్ష్మీనర్సమ్మ మొహం ఇంకా పాలిపోయే ఉంది. ఆమె మిగతావాళ్ల కంటే ఆబగా తింటోంది, మంగళవారం తినలేకపోయిన బాకీ కూడా తీర్చుకుంటున్నట్టు. హన్మయ్య కిటికీ దగ్గర నిలబడి గేటు పాసు అప్పగించి, రిజిస్టరులో వేలిముద్ర వేస్తున్నాడు.

"హన్మయ్యా, నేను రాశాను" అన్నాడు విజయభాస్కర్. "అంతా రాసి సంతకం పెట్టాను. నీ కూర వల్ల కాదని, బ్లోయర్ వల్లనని. ఇన్‌స్పెక్టరుకి కూడా పంపుతున్నాను. ఇప్పుడు నిన్ను తీసేయలేరు."

హన్మయ్య బొటనవేలి సిరా గోడకి తుడుచుకున్నాడు. "మంచి పని జేసిన్రు సార్. ఆడోళ్ళకు పనికొస్తది, బ్లోయరు మంచిగ పెడ్తరు. నాదైతె పొద్దుగాల్నే అయిపోయింది. ఏడు గంటలకే కాంట్రాక్టరు ఫోన్ జేసి పాసు ఇచ్చేసి పొమ్మన్నడు. ఘట్‌కేసర్ల ఒక నర్సరీ ఉన్నది, సోమారం నుంచి అక్కడికి పోత."

అంటే కమిటీ కూర్చోకముందే అయిపోయింది. తను తిన్నా తినకపోయినా ఉద్యోగం పోయేదే. విజయభాస్కర్‌కి ముందు గుండె తేలికపడింది. ఆ వెంటనే, దేనికి తేలికపడిందో తెలిసి సిగ్గేసింది.

"మరి అంతా అయిపోయాక కమిటీకి ఎందుకొచ్చావు? ఆ కూర, ఆ చెంచా..."

హన్మయ్య, ఆ సంగతి కూడా విడమరిచి చెప్పాలా అన్నట్టు చూశాడు.

"నా ఇంట్ల వండిన కూర సార్ అది. గది తిని మనుషులు పడిపోయిన్రని కాయితం మీద రాస్తున్నరంటె మనసున పట్టలె. పెద్దోళ్ళు ఎవలన్న ఒక్కలు నోట్ల పెట్టుకుంటె చాలనుకున్న. గంతే."

లోపల ఎక్కడో షిఫ్టు సైరను మోగింది. ఆడవాళ్ళు డబ్బా దగ్గర తలలు వంచి తింటూనే ఉన్నారు. విజయభాస్కర్ గట్టు వైపు రెండడుగులు వేశాడు.

"కొంచెం ఉందా అమ్మా?"

లక్ష్మీనర్సమ్మ తలెత్తింది. ఆఖరి రొట్టె ముక్కతో డబ్బా అడుగుని చుట్టూ తుడిచి నోట్లో పెట్టుకుంది, నిదానంగా నమిలి మింగింది.

"పెట్టినప్పుడు తినకపోతిరి గద సార్" అంది.

ఎవరూ జరిగి చోటివ్వలేదు. అతను నిలబడే ఉన్నాడు. హన్మయ్య ఖాళీ డబ్బా తీసుకుని, సీసాలో నీళ్లు పోసి కడిగి, సంచీలో పెట్టుకున్నాడు. సైకిలు స్టాండు తన్ని, వెళ్లబోతూ ఆగాడు.

"ఉప్పల్ రింగు రోడ్డు కాడ గంపల్ల అమ్ముతున్రు సార్, భువనగిరి దిక్కోళ్ళు. గివే పుట్టకొక్కులు. పైసలు పెట్టి కొనుక్కపోయి మీ ఇంట్ల వండిపిచ్చుకోండ్రి. తినబుద్ధయితది."

అతని గొంతులో ఎగతాళి ఉందేమోనని విజయభాస్కర్ వెతికాడు. ఎగతాళిని పోల్చుకోవడం అతనికి బాగా వచ్చు. ఎంత వెతికినా దొరకలేదు. నిజంగానే దారి చెప్పి, హన్మయ్య సైకిలెక్కి వెళ్లిపోయాడు.